ఫ్రాస్ట్ అంటే ఒకచోట మంచు, ఒకచోట ఉష్ణోగ్రత, ఒకచోట ఉత్త తెలుపు

వాతావరణ నివేదికలో ‘ఎయిర్ ఫ్రాస్ట్’ అని ఉంటే ఎక్కడో ఒకచోట తెల్లటి పొర కనిపించి తీరాలని లేదు. నేలకు 1.25 నుంచి 2 మీటర్ల ఎత్తున, తెల్ల రంగు వేసిన జాలి పెట్టెలో ఉన్న థర్మామీటరు 0 డిగ్రీల సెల్సియస్ కంటే కిందికి దిగిందని మాత్రమే దాని అర్థం. కిడ్నీ వైద్యులు చెప్పే ‘యురీమిక్ ఫ్రాస్ట్’లోనైతే చలి ప్రసక్తే లేదు, అది చర్మం మీద పేరుకున్న యూరియా. మోటారు బేరింగు విప్పి చూసిన మెకానిక్ ‘ఫ్రాస్టింగ్’ అన్నాడంటే అతను చెబుతున్నది ఉక్కు మీద పడిన అతి చిన్న గుంతల గురించి. ఇలా ఒకే మాట కొన్నిచోట్ల పదార్థాన్ని, కొన్నిచోట్ల ఉష్ణోగ్రతను, మరికొన్నిచోట్ల కేవలం రూపాన్ని సూచిస్తుంది. ఏది ఉద్దేశించారో తేలాక, అది మంచే అయితే ఇంకో ప్రశ్న అడగాలి: ఆ నీరు ఎక్కడి నుంచి వచ్చింది? గాలిలోంచా, ఆ వస్తువులోంచా, కింది నుంచా? నివారణ ఏదైనా ఈ జవాబును బట్టే ఉంటుంది.

ముందు గాలిలోంచి వచ్చేది. ఒక ఉపరితలం 0 డిగ్రీల కంటే చల్లగా ఉండి, అక్కడి గాలి ‘ఫ్రాస్ట్ పాయింట్’ కంటే కూడా చల్లబడితే, నీటి ఆవిరి ద్రవం కాకుండానే స్ఫటికాలుగా పేరుకుంటుంది. గాలిలోని ఆవిరి మంచుగా పేరుకోవడం మొదలయ్యే ఉష్ణోగ్రత ఫ్రాస్ట్ పాయింట్, నీటి బిందువులుగా మారడం మొదలయ్యేది డ్యూ పాయింట్. రెండూ ఒకటి కావు. మైనస్ 10 డిగ్రీల దగ్గర ద్రవ నీటి మీద సంతృప్త ఆవిరి పీడనం (గాలి తేమతో పూర్తిగా నిండినప్పుడు ఆవిరికుండే పీడనం) సుమారు 2.86 హెక్టోపాస్కల్‌లు, మంచు మీద సుమారు 2.60. అంటే నీటి లెక్కలో 100 శాతం తేమ ఉన్న గాలికి మంచు లెక్కలో 110 శాతం తేమ ఉన్నట్టు. అందుకే డ్యూ పాయింట్ మైనస్ 10 అయిన గాలికి ఫ్రాస్ట్ పాయింట్ దాదాపు మైనస్ 8.9 అవుతుంది. డ్యూ పాయింట్ మైనస్ 20 అయితే ఫ్రాస్ట్ పాయింట్ మైనస్ 18 దగ్గర ఉంటుంది.

ఈ తేడా తేమను కొలిచేవాళ్లను బాగా ఇబ్బంది పెడుతుంది. అద్దాన్ని చల్లబరిచి దాని మీద పొర ఏర్పడే ఉష్ణోగ్రతను చదివే హైగ్రోమీటర్‌లో, సున్నాకు దిగువన ఆ పొర గడ్డకట్టిన మంచైనా కావచ్చు, అతిశీతల ద్రవమైనా (సున్నాకు దిగినా గడ్డకట్టని నీరు) కావచ్చు. ఏదో తెలియకుండా రాసుకున్న అంకె ఒకటి రెండు డిగ్రీలు తప్పుతుంది. అద్దాన్ని ఒకసారి బాగా చల్లబరిచి పొర మొత్తం గడ్డకట్టేలా చేసి, ఆ తర్వాత కొలిచే ఉష్ణోగ్రతకు తీసుకురావడం దీనికి మామూలు విరుగుడు.

ఆకాశం నిర్మలంగా ఉండి గాలి ఆడని రాత్రి గడ్డి మొన తన వేడిని ఆకాశంలోకి వెదజల్లి, పెట్టెలోని థర్మామీటరు కంటే కొన్ని డిగ్రీలు చల్లబడుతుంది. కాబట్టి నివేదికలో కనిష్ఠం 3 డిగ్రీలని ఉన్నా నేల మీద మంచు పేరుకోవచ్చు. ‘గ్రౌండ్ ఫ్రాస్ట్’ను వేరుగా చెప్పేది ఇందుకే. పొగమంచులోని అతిశీతల బిందువులు తగిలిన చోటే గడ్డకడితే అది రైమ్. గాలి వీచే వైపుకే పెరుగుతుంది. గడ్డకట్టే వాన పడి గాజులా పరుచుకుంటే అది గ్లేజ్. కంటికి ఇవన్నీ మంచే. విద్యుత్ లైన్ల ఇంజినీరుకు మాత్రం గ్లేజ్ అంటే ఘనపు మీటరుకు 900 కిలోల సాంద్రత, మెత్తని రైమ్ అంటే 200 నుంచి 600 కిలోలు. ఆవిరి నుంచి పుట్టిన పల్చటి హోర్ ఫ్రాస్ట్ బరువు టవర్ల లెక్కల్లో దాదాపు పట్టించుకోనక్కర లేనిది.

శీతలీకరణ రంగంలో ఫ్రాస్టింగ్ అంటే ఓ ప్రక్రియ, పైగా ఖరీదైన బెడద. కిలో ఫ్రాస్ట్ పేరుకుంటే కాయిల్ (గాలిని చల్లబరిచే గొట్టాల చుట్ట) మీదికి సుమారు 2.83 మెగాజౌళ్ల వేడి వచ్చి చేరుతుంది. పైకి నేరుగా ఆవిరి మంచుగా మారినట్టే అనిపిస్తుంది కానీ, మామూలు లోహపు కాయిల్ మీద చాలాసార్లు జరిగేది వేరు. ముందు అతిశీతల నీటి బిందువులు ఏర్పడతాయి. వాటిలో ఒకటి గడ్డకడుతుంది. మంచు మీద ఆవిరి పీడనం తక్కువ కాబట్టి పక్క బిందువు ఆవిరైపోతూ ఆ ఆవిరి గడ్డకట్టిన బిందువు మీద చేరుతుంది, మంచు అటువైపు ఓ వంతెనలా పెరుగుతుంది. వంతెన పక్క బిందువును అందుకుంటే అదీ గడ్డకడుతుంది, అందేలోపు ఆ బిందువు ఆవిరైపోతే గొలుసు అక్కడితో తెగుతుంది. నీటిని నిలవనీయని పూతలతో ఫ్రాస్ట్‌ను ఆలస్యం చేయాలని చూసేవాళ్లు బిందువుల మధ్య దూరం మీద అంత దృష్టి పెట్టడానికి కారణం ఇదే. అంచుల నుంచో, ఒక్క ధూళి రేణువు నుంచో గొలుసు మొదలైతే ఎంత మంచి పూతైనా చివరికి లొంగిపోతుంది.

కొత్త ఫ్రాస్ట్‌లో ఎక్కువ భాగం గాలే. గట్టి మంచు ఉష్ణవాహకత మీటరుకు, డిగ్రీకి 2.2 వాట్లుంటే, తాజా ఫ్రాస్ట్‌ది అందులో పదో వంతో అంతకన్నా తక్కువో ఉంటుంది. అయితే కాయిల్ పనితీరు పడిపోవడానికి ప్రధాన కారణం ఈ దుప్పటి కాదు, రెక్కల మధ్య సందులు పూడి గాలి ప్రవాహం తగ్గడం. మొదట్లో పల్చటి పొర ఉపరితలాన్ని గరుకు చేసి ఉష్ణ బదిలీని కాస్త పెంచిన సందర్భాలూ ఉన్నాయి. ఇంకో అపోహ, చలి ఎంత ముదిరితే ఫ్రాస్ట్ అంత ఎక్కువనేది. 2 డిగ్రీల దగ్గర తేమతో నిండిన ఘనపు మీటరు గాలిలో 5.6 గ్రాముల ఆవిరి ఉంటే, మైనస్ 15 దగ్గర మంచు లెక్కలో సంతృప్తమైన గాలిలో ఉండేది 1.4 గ్రాములే. బయటి గాలిలోని వేడిని ఇంట్లోకి తెచ్చే హీట్ పంపుల బయటి కాయిల్‌ను ఎక్కువగా వేధించేది 0 నుంచి 5 డిగ్రీల మధ్య ఉండే తేమ గాలి.

ఫ్రాస్ట్ ఎలా పరుచుకుందో చూస్తే లోపం చాలావరకు పట్టుబడుతుంది. ఇవాపరేటర్ (చల్లదనాన్నిచ్చే కాయిల్) మొదటి గొట్టాల మీదే మంచు కట్టి మిగతా భాగం పొడిగా ఉంటే గొట్టాల్లో తిరిగే రిఫ్రిజిరెంట్ తక్కువై ఉండాలి. కాయిల్ అంతటా మందంగా ఉంటే డీఫ్రాస్ట్ హీటరో, టైమరో, సెన్సరో పనిచేయడం లేదు, లేదా ఫ్యాను గాలి చాలడం లేదు. రిఫ్రిజిరెంట్ తిరిగి వెళ్లే గొట్టం వెంట మంచు కంప్రెసర్ దాకా పాకితే ద్రవం కంప్రెసర్‌లోకి వస్తోందేమో వెంటనే చూడాలి. డీఫ్రాస్ట్‌ను నిమిషాల లెక్కన ఆపే ఏర్పాటులో ఇంకో చిక్కుంది. కరిగిన నీరంతా జారకముందే చల్లదనం మళ్లీ మొదలైతే, రెక్కల అడుగున మిగిలిన నీరు ఈసారి ఫ్రాస్ట్‌గా కాక గట్టి మంచుగా మారుతుంది. అది తర్వాతి డీఫ్రాస్ట్‌కు కరగదు, రోజురోజుకూ పెరుగుతుంది. కాయిల్ ఉష్ణోగ్రతను బట్టి ఆపి, నీరు జారడానికి కొంత వ్యవధి ఇచ్చి, ఆ తర్వాతే ఫ్యాన్ వేయాలి. నీరు పోయే గొట్టం గడ్డకడితే ఇదంతా చేసినా వృథా.

విమానం రెక్క మీద సంగతి వేరు. అక్కడ బరువూ కాదు, ఉష్ణ బదిలీ కాదు, గరుకుదనమే ప్రమాదం. ఓ మోస్తరు నుంచి ముతక గరుకు కాగితమంత మంచు రెక్క ముందంచు మీద, పైభాగం మీద ఉంటే ఎత్తుబలం 30 శాతం దాకా తగ్గి, గాలి నిరోధం 40 శాతం దాకా పెరగవచ్చని అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ హెచ్చరిస్తుంది. ఫ్రాస్ట్‌ను రుద్ది నున్నగా చేసి ఎగరవచ్చన్న పాత సడలింపును ఆ సంస్థ 2010లో తొలగించింది. రెక్కలోని ట్యాంకులో ఇంధనం పై ఎత్తుల్లో బాగా చల్లబడి వస్తుంది కాబట్టి, దిగిన చోట గాలి 0 డిగ్రీల కంటే వెచ్చగా ఉన్నా ట్యాంకు కింది భాగంలో మంచు కట్టవచ్చు. అనుమతి ఉన్న విమానాల్లో రెక్క కింద, ఇంధన ట్యాంకు మేరకు 3 మిల్లీమీటర్ల దాకా దాన్ని సహిస్తారు. పైభాగానికి ఈ వెసులుబాటును వర్తింపజేయడం పెద్ద తప్పు.

మొక్కల దగ్గరికి వస్తే నీటి మూలం మారిపోతుంది. ఆకు మీద తెల్లగా పేరుకున్న మంచు దానంతటదే మొక్కను చంపదు. చంపేది కణజాలం లోపల పుట్టిన మంచు. గాలి మరీ పొడిగా ఉంటే బయట ఒక్క స్ఫటికమూ లేకుండానే మొగ్గలు నల్లబడతాయి, దానికి ‘బ్లాక్ ఫ్రాస్ట్’ అని పేరు. మంచు ముందుగా కణాల మధ్య ఖాళీల్లో పుడుతుంది. అక్కడ ఆవిరి పీడనం పడిపోవడంతో కణంలోని నీరు బయటికి లాగబడుతుంది. కణం నిజానికి దప్పికతో చస్తుంది. సూడోమొనాస్ సిరింగే లాంటి బ్యాక్టీరియా పైపొరలోని ఒక ప్రొటీన్ మంచుకు బీజంలా పనిచేసి, మైనస్ 2 డిగ్రీల దగ్గరే గడ్డకట్టడం మొదలుపెట్టిస్తుంది. ఆ బీజాలు లేకపోతే చాలా మొక్కల్లో నీరు అంతకంటే దిగువ దాకా ద్రవంగానే నిలబడగలదు. ఆ ప్రొటీన్ జన్యువును తొలగించిన ‘ఐస్ మైనస్’ బ్యాక్టీరియాను 1987లో కాలిఫోర్నియాలో పొలాల మీద చల్లి పరీక్షించారు. జన్యుమార్పిడి చేసిన జీవిని ప్రభుత్వ అనుమతితో ఆరుబయట వదలడం అదే మొదలు.

సాగులో వాడే పట్టికల్లో ఉండేది ఉష్ణోగ్రత అర్థంలోని ఫ్రాస్టే. ఆపిల్ పూర్తిగా పూసిన దశలో మైనస్ 2.2 డిగ్రీల వద్ద అరగంట ఉంటే సుమారు 10 శాతం, మైనస్ 3.9 వద్ద సుమారు 90 శాతం పూలు పోతాయని ఆ పట్టికలు చెబుతాయి. 1.7 డిగ్రీల తేడాలో పంట తారుమారవుతుందన్నమాట. అందువల్ల థర్మామీటరు పూల ఎత్తున, ఆకాశం కనబడేలా ఉండాలి. పెట్టెలో ఉన్నదాన్ని చూసి నిర్ణయం తీసుకుంటే ఆలస్యమైపోతుంది.

స్ప్రింక్లర్లతో కాపాడటంలోనూ లెక్క తప్పితే మేలు కీడవుతుంది. కిలో నీరు గడ్డకడితే 334 కిలోజౌళ్లు విడుదలవుతాయి, అదే కిలో నీరు ఆవిరైతే సుమారు 2,500 కిలోజౌళ్లు హరించుకుపోతాయి. ఆవిరయ్యే ప్రతి కిలోకు కనీసం ఏడున్నర కిలోలు గడ్డకడితే తప్ప మొక్కకు వేడి మిగలదు. గాలి వీస్తూ పొడిగా ఉన్న రాత్రి నీళ్లు చాలీచాలకుండా చల్లడం కంటే అసలు చల్లకపోవడమే నయం. మొదలుపెట్టేటప్పుడు, ఆపేటప్పుడు చూడాల్సింది పొడి థర్మామీటరును కాదు, తడి గుడ్డ చుట్టిన థర్మామీటరును. అది ప్రమాద స్థాయికి పైన ఉండగానే మొదలుపెట్టాలి, తెల్లవారాక అది 0 దాటేవరకు ఆపకూడదు. మధ్యలో పంపు ఆగిపోతే తడిసిన మొగ్గ పక్కనున్న పొడి మొగ్గకంటే చల్లబడుతుంది. పెద్ద ఫ్యాన్లు పైనున్న వెచ్చటి గాలిని కిందికి కలుపుతాయి. పైన వెచ్చటి పొర లేని రాత్రి, అంటే చల్లటి గాలి మొత్తంగా తరలివచ్చిన రోజు, వాటివల్ల ఫలితం ఉండదు.

నేల దగ్గర నీరు కింది నుంచి వస్తుంది. చలికాలంలో రోడ్లు ఉబ్బడానికి నీరు గడ్డకట్టి 9 శాతం వ్యాకోచించడమే కారణమని చాలామంది అనుకుంటారు, కొన్ని పాఠాల్లో కూడా అలాగే ఉంటుంది. ఆ లెక్కన మీటరు లోతు నేల గడ్డకడితే ఉబ్బు కొన్ని సెంటీమీటర్లకు మించకూడదు, జరిగేది చాలాసార్లు అంతకు మించి ఉంటుంది. స్టీఫెన్ టేబర్ అనే భూవిజ్ఞాని 1930లో ప్రచురించిన పనిలో, గడ్డకడితే కుంచించుకుపోయే బెంజీన్‌తో మట్టిని తడిపినా మట్టి ఉబ్బుతుందని చూపించాడు. అసలు సంగతి ఏమిటంటే, గడ్డకట్టే అంచు కింది తడి మట్టి నుంచి నీటిని పైకి పీల్చుకుని, నేలకు సమాంతరంగా మంచు పొరలను పెంచుతుంది. ఆ పీల్చే శక్తికి సిద్ధాంతపరమైన పరిమితి సున్నాకు దిగువన ఒక్కో డిగ్రీకి 11, 12 అట్మాస్ఫియర్ల దాకా ఉంటుంది. ఇళ్ల పునాదుల్ని లేపడానికి అందులో చిన్న భాగం చాలు.

దీనికి మూడూ కలవాలి: గడ్డకట్టే చలి, దగ్గరలో నీరు, నీటిని పైకి తేగల సన్నటి మట్టి. ముతక ఇసుకలో నీరు పైకి ఎక్కదు, చిక్కటి బంకమట్టిలో ఎక్కుతుంది కానీ మరీ నెమ్మది. ఒండ్రు రేణువుల సిల్ట్ రెండింటికీ మధ్యన ఉండటంతో ఎక్కువ ఉబ్బేది అదే. మట్టి ఇంజినీరింగ్ నిపుణుడు ఆర్థర్ కాసాగ్రాండే 1931లో ఇచ్చిన కొలబద్ద ఇప్పటికీ వాడుకలో ఉంది. రకరకాల పరిమాణాల రేణువులున్న మట్టిలో 0.02 మిల్లీమీటర్ల కంటే సన్నటివి 3 శాతం మించితే, దాదాపు ఒకే పరిమాణం రేణువులున్న మట్టిలో 10 శాతం మించితే అనుమానించాలి. మూడింటిలో ఒక్కదాన్ని తప్పించినా ఉబ్బు ఆగుతుంది. సిల్ట్ తీసి కంకర వేయడం, నీరు పైకి రాకుండా ముతక పొర అడ్డం పెట్టడం, చలి దిగకుండా ఇన్సులేషన్ పలకలు పరవడం వాటిలో ఎక్కువగా వాడేవి. పునాదిని ‘ఫ్రాస్ట్ లైన్’ (చలికి నేల గడ్డకట్టే లోతు) కిందికి దించితే చాలనుకోవడం తేలికపాటి కట్టడాల్లో దెబ్బతీస్తుంది. పక్కల మట్టి స్తంభానికి అతుక్కుని గడ్డకట్టి, అడుగు ఎంత లోతున ఉన్నా స్తంభాన్ని పైకి ఈడుస్తుంది. అందుకే పక్కలకు నున్నటి తొడుగు వేస్తారు, లేదా అడుగున వెడల్పు చేస్తారు. రోడ్లకు అసలు గండం చలికాలంలో కాదు, కరిగేటప్పుడు. పై పొర కరిగి, కింది పొర ఇంకా గడ్డగా ఉంటే నీరు మధ్యలో చిక్కుకుపోయి మట్టి బలం పోతుంది. శీతల దేశాల్లో బరువైన వాహనాలపై ఆంక్షలు వసంతంలో పెట్టేది అందుకే.

‘పర్మాఫ్రాస్ట్’ దగ్గర మాట మళ్లీ ఉష్ణోగ్రత వైపు జరుగుతుంది. వరసగా కనీసం రెండేళ్లు 0 డిగ్రీలకు మించని నేల ఏదైనా పర్మాఫ్రాస్టే, అందులో మంచు లేకపోయినా. ‘పర్మాఫ్రాస్ట్ కరిగింది’ అనే వాక్యం చదివినప్పుడు అక్కడ అసలు ఎంత మంచు ఉండేదో చూడాలి. పొడి బండరాయి 0 దాటినా నేల కుంగదు, మంచు నిండిన సిల్ట్ అయితే గుంతలు పడుతుంది.

ఫ్రాస్ట్ లైన్ అనే మాటనే ఖగోళశాస్త్రం ఇంకో పనికి పెట్టుకుంది. కొత్తగా పుట్టిన నక్షత్రం చుట్టూ ఉన్న పళ్లెంలో నీటి ఆవిరి మంచుగా నిలవగలిగే దూరం అది. అక్కడ ఉష్ణోగ్రత 150 నుంచి 170 కెల్విన్లు. మన సూర్యుడికైతే తరచుగా చెప్పే విలువ భూమి దూరానికి సుమారు 2.7 రెట్లు. పీడనం మరీ తక్కువ కాబట్టి 0 డిగ్రీలకు ఇక్కడ ఏ ప్రాధాన్యమూ లేదు. కుజుడి మీద ఫ్రాస్ట్ అంటే ఏ పదార్థమో కూడా చెప్పాలి. శీతాకాలంలో ధ్రువాల దగ్గర మైనస్ 125 డిగ్రీల ప్రాంతంలో గడ్డకట్టేది కార్బన్ డయాక్సైడ్. 1979లో వైకింగ్ 2 ల్యాండర్ ఫొటో తీసింది నీటి మంచును. ఒలింపస్ మోన్స్ లాంటి అగ్నిపర్వతాల శిఖరాల మీద ఉదయం పూట కనిపించే నీటి ఫ్రాస్ట్ గురించి 2024లో ప్రకటించారు.

వైద్యంలో ఈ మాట మూడు అర్థాల మధ్య ఊగుతుంది. ఫ్రాస్ట్‌బైట్ నిజమైన మంచే, కణజాలంలోనే పుట్టింది. చర్మం సుమారు మైనస్ 0.5 దగ్గర గడ్డకట్టగలదు, వెచ్చబడ్డాక సన్నటి రక్తనాళాల్లో గడ్డలు పడటం రెండో దెబ్బ. తడి బూట్లలో గంటల తరబడి 0కు పైనున్న చలిలో ఉండటంవల్ల పాదాలకు జరిగే హాని చూడటానికి దీనికి దగ్గరగా ఉన్నా అందులో మంచు లేదు. గడ్డకట్టిన భాగాన్ని 37 నుంచి 39 డిగ్రీల నీటిలో ముంచి, మెత్తబడి ఎర్రబడేవరకు, సాధారణంగా 15 నుంచి 30 నిమిషాలు ఉంచుతారు. రుద్దకూడదు, మంట దగ్గర పెట్టకూడదు. మళ్లీ గడ్డకట్టే అవకాశం ఉంటే దారిలో కరిగించకపోవడమే మంచిది. తీవ్రమైన కేసుల్లో వేళ్లు తీసేయాల్సిన ప్రమాదాన్ని తగ్గించడానికి ఐలోప్రోస్ట్ ఇంజక్షన్‌కు 2024లో అమెరికాలో అనుమతి లభించింది.

యురీమిక్ ఫ్రాస్ట్‌ను 1865లో హిర్ష్‌స్ప్రుంగ్ అనే వైద్యుడు వర్ణించాడు. రక్తంలో యూరియా విపరీతంగా పెరిగినప్పుడు చెమటలోని యూరియా ముఖం, మెడ మీద తెల్లటి పొడిలా మిగులుతుంది. తడి గుడ్డతో తుడిస్తే పోతుంది, కానీ కావలసింది డయాలసిస్. ఆమ్లం పూసి చర్మపు పైపొరలను ఊడదీసే కెమికల్ పీల్‌లో కనిపించే ‘ఫ్రాస్టింగ్’ అయితే తుడిస్తే పోదు. ట్రైక్లోరోఅసిటిక్ ఆమ్లం చర్మపు ప్రొటీన్లను గడ్డకట్టించగా వచ్చిన తెలుపు అది. ఎరుపు మీద అక్కడక్కడా తెలుపు, తర్వాత కింది ఎరుపు కనిపించే తెల్ల పొర, చివరికి ఎనామిల్ లాంటి గట్టి తెలుపు, ఇలా లోతును అంచనా వేస్తారు. నీళ్లు పోస్తే అది వెనక్కి రాదు. సాలిసిలిక్ ఆమ్లం పూసినప్పుడు కనిపించే తెలుపు అచ్చం ఇలాగే ఉన్నా, అది ద్రావణి ఎగిరిపోయి మిగిలిన ఆమ్ల స్ఫటికాలే, తుడిస్తే రాలిపోతుంది. దాన్ని నిజమైన ఫ్రాస్ట్ అనుకుంటే లోతు అంచనా తప్పుతుంది. గ్లైకాలిక్ ఆమ్లంతో పీల్ చేస్తున్నప్పుడు తెలుపు కనిపించిందంటే అది లక్ష్యం కాదు, ప్రమాద సూచన. వెంటనే సోడియం బైకార్బొనేట్‌తో తటస్థీకరించాలి.

గాజులో ఫ్రాస్టింగ్ పూర్తిగా రూపమే. ఇసుక చిమ్మి గానీ, ఫ్లోరైడ్ ఆమ్లాలతో తినిపించి గానీ ఉపరితలాన్ని గరుకు చేస్తారు, కాంతి చెదిరి తెల్లగా కనిపిస్తుంది. మైక్రోస్కోప్ స్లైడ్ చివర ఉన్న గరుకు భాగం మీద పెన్సిల్‌తో రాయడం ఆల్కహాల్, జైలీన్‌లలో ఇంకు కరిగిపోతుంది కాబట్టి. ఆమ్లం ముట్టుకునేవాళ్లకు కాల్షియం గ్లూకోనేట్ జెల్ చేతికందే దూరంలో ఉండాలి, ఎందుకంటే హైడ్రోఫ్లోరిక్ ఆమ్లపు గాయం మొదట్లో నొప్పి లేకుండానే లోపలికి దిగుతుంది.

లోహాల్లోనూ రెండు రకాల ఫ్రాస్టింగ్‌ను కలిపేస్తుంటారు. గేర్ పళ్ల మీద బూడిదరంగు మచ్చలా కనిపించేది, పదేపదే పడే ఒత్తిడికి లోహం అలసి పడిన సూక్ష్మ గుంతలు. అక్కడి నూనె పొర ఉపరితలపు గరుకుదనం కంటే పల్చబడటం దానికి కారణం. చిక్కటి నూనె వాడటం లేదా పళ్లను ఇంకా నున్నగా చేయడం దానికి విరుగుడు. వేగాన్ని మార్చే వేరియబుల్ ఫ్రీక్వెన్సీ డ్రైవ్‌తో నడిచే మోటారు బేరింగులో కనిపించేది వేరు. షాఫ్ట్ మీద పేరుకున్న వోల్టేజీ నూనె పొరను చీల్చుకుని దూకిన ప్రతిసారీ ఉక్కు కరిగి అతి చిన్న గుంత పడుతుంది. లక్షల గుంతలు కలిసి మసక మెరుపు తెస్తాయి. అదే కొనసాగితే రేసు (గోళీలు దొర్లే వలయం) మీద సమాన దూరాల్లో అడ్డగీతలు పడతాయి, మోటారు ఈల వేసినట్టు మోగుతుంది. నూనె మార్చి చూడటం ఇక్కడ దండగ. షాఫ్ట్‌కు ఎర్తింగ్ రింగ్ పెట్టాలి, అవసరమైతే ఒక చివర ఇన్సులేటెడ్ బేరింగో, సిరామిక్ గోళీల బేరింగో వేయాలి. కరెంటుకు వేరే దారి చూపకుండా బేరింగు మాత్రమే మారిస్తే కొత్తదానికీ అదే గతి పడుతుంది.